శివారు

మా నాన్న లాకు దగ్గర లస్కరు.
పేరు ఏసుపాదం. కాలవ మీద ఆయనకి చెల్లేది
ఓ ఇనప చక్రం, దానికో తాళం,
గోడకి వేలాడే వంతుల కాగితం.
దాళ్వాలో నీళ్లు ముందు ఎగువకే.
శివారుకొచ్చేసరికి కాలవంటే
బురదా, జలగలూ, ఎవరిదో తెగిన చెప్పూ.

నేను నీళ్లని సీసాల్లో చూస్తాను.
కాట్రేనికోన రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీ పక్కన
ఒకే గది ల్యాబు.
పొద్దున్నే చెరువుల వాళ్లు వరస కడతారు,
డబ్బాలో నీళ్లు, కవర్లో నాలుగు రొయ్యలు,
చొక్కా జేబులో అప్పు చీటీ.

ఆ ఆషాఢంలో ఓలేటి నూకరాజు తెచ్చినవి
పేగు తెల్లబడి, పెంకు మెత్తబడి ఉన్నాయి.
"ఏడేళ్ల కిందా ఇదే జబ్బు, పాపా.
యూనివర్సిటీ వాళ్లొచ్చారు. జీపు మా గట్టు మీదే దిగబడింది.
మా ఆవిడ మెత్తళ్ల పులుసు పెట్టింది.
ఆరు సీసాలు నింపుకెళ్లారు.
ఏం తేలిందో మళ్లీ చెప్పలేదు."

వెతికాను. తేలింది.
ఏ దేశపు పత్రికలోనో పద్నాలుగు పేజీలు, ఐదుగురి పేర్లు.
నాకు కనిపించింది మొదటి ఏడు లైన్లే,
మూసిన షట్టరు కింద కారే తడి.
దాని కింద ధర: ముప్పై తొమ్మిది డాలర్లు.
అదీ రెండు రోజులు చూసుకోడానికి.
లెక్క కట్టాను. నా తొమ్మిది రోజుల జీతం.

"మన చెరువు గురించేనా?"
అవును.
"మన నీళ్లేనా?"
అవును.
"మరి మనం ఎందుక్కొనాలి?"
జవాబు రాక మైక్రోస్కోపు అద్దం తుడిచాను.

ఆ రాత్రి ఐదు పేర్లలో చివరి పేరుకి ఉత్తరం రాశాను.
నాది ఇంటర్ బైపీసీ ఇంగ్లీషు.
రెస్పెక్టెడ్ సర్, చెరువు పోతోంది, అని.

ఇక్కడ నాన్న సంగతొకటి చెప్పాలి.
ఒక ఏడు శివారు చేలు పొట్ట మీదున్నాయి.
అర్ధరాత్రి ఎవరో ఆడమనిషి లాకు గది తలుపు కొట్టింది.
ఆమె వంతు ఇంకా మూడ్రోజులకి.
నాన్న లేచి చక్రాన్ని అర చుట్టు తిప్పాడు.
అరే.
తెల్లారేసరికి మెమో. వారం జీతం పోయింది.
"తాళం ఇచ్చారు గానీ
గోదారి నాకు రాసివ్వలేదు కదే" అన్నాడు అమ్మతో.
ఇంకేం అనలేదు. బీడీ వెతుక్కున్నాడు.

నాలుగో రోజు సారు జవాబు.
ఈ వ్యాసం అడిగిన మొదటి మనిషివి నువ్వే, అని.
మా కాలేజీ కూడా ఆ పత్రిక చందా మానేసింది,
ఇది నేను దాచుకున్న కాపీ, అని.
అప్పటికి నూకరాజు రెండు చెరువులు తోడేశాడు.
మూడోదుంది.

గట్టు మీద మేత బస్తాపై కూర్చుని చదివాను.
తొమ్మిదో పేజీలో పట్టిక. చెరువు మూడు. ఉప్పు పన్నెండు.
నమూనాకి ముందు రోజు భారీ వర్షం.
"ఆ వాన సంగతి నేనే చెప్పాను" అన్నాడు.
ఆయన పేరు ఎక్కడా లేదు. ఆఖర్న కృతజ్ఞతల్లో
స్థానిక రైతులకు, అని ఉంది.
ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

మేత కంపెనీ క్యాలెండరు వెనక తెలుగులో రాస్తున్నాను.
బయోఫిల్మ్ దగ్గర పెన్ను ఆగింది.
ఏంటది, అన్నాడు.
చెరువు అడుగున, పైపుల్లోపల, పట్టుకుంటే ఇలా...
"జారుడు" అన్నాడు, రెండు వేళ్లు రుద్ది చూపిస్తూ.
రాశాను.
వాన వెలిసిన ఎనిమిదో రోజుకి జారుడు ముదురుతుంది.
ఆలోపే గీకెయ్యాలి. మేత సగం చెయ్యాలి.

ఐసు ఫ్యాక్టరీ గోడకి మైదాతో అంటించాం.
అడుగున నా ఫోను నంబరు,
డబ్బులక్కర్లేదు, అని.

వారం పోయాక చూస్తే
ఎండకి అంచులు లేచాయి.
ఎనిమిదో రోజు అన్న మాట ఎవరో పెన్సిలుతో కొట్టేసి
పక్కన రాశారు, వంకర అక్షరాలు:
మా పల్లంలో అయిదో రోజుకే.
చూసుకోండి.